ఆర్యభటను కిందికి దించిన బలమేది? కింది కక్ష్యల లెక్కకు ఒక సమగ్ర మార్గదర్శి

1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి మన తొలి ఉపగ్రహం ఆర్యభట పైకి వెళ్లింది. బరువు 360 కిలోలు. కక్ష్యలో భూమికి అతి దగ్గరగా వచ్చే చోటు, అంటే పెరిజీ, సుమారు 563 కిలోమీటర్ల ఎత్తు. అతి దూరంగా వెళ్లే చోటు, అంటే అపోజీ, సుమారు 619 కిలోమీటర్లు. భూమధ్యరేఖతో కక్ష్య వాలు 50.7 డిగ్రీలు. కరెంటు సరఫరాలో లోపం వల్ల కొద్ది రోజులకే ప్రయోగాలు ఆగిపోయాయి. ఉపగ్రహం మాత్రం తిరుగుతూనే ఉండి, 1992 ఫిబ్రవరిలో వాతావరణంలోకి దిగి కాలిపోయింది.

కక్ష్యను సరిదిద్దుకునే ఇంజన్ దానికి లేదు. దాదాపు 17 ఏళ్లు దాన్ని నడిపించినవి ప్రకృతి బలాలే. అందుకే కక్ష్యల లెక్క నేర్చుకోవాలనుకునే వాళ్లకు నేను మొదట ఆర్యభటనే ఇస్తాను. మన లెక్క సరిపోయిందో లేదో చెప్పడానికి చివర్లో ఒక తేదీ సిద్ధంగా ఉంది.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. ఏ బలం పెద్దది అనే ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. అడగాల్సింది, ఏ బలం రోజురోజుకీ కూడుతుంది, ఏది ఒక్క చుట్టులోనే చెల్లుకు చెల్లు అయిపోతుంది అని. ఆర్యభట మీద చంద్రుడి లాగుడు గాలి రాపిడి కంటే దాదాపు 26 రెట్లు ఎక్కువ. అయినా దాన్ని దించింది చంద్రుడు కాదు. ఎందుకో లెక్కలోనే తేలుతుంది.

కావలసినవి ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఒక నోట్‌బుక్, రెండు గంటల సమయం. ఇంటర్ స్థాయి ఫిజిక్స్ చాలు.

మొదటి మెట్టు: భూమి ప్రధాన ఆకర్షణ తప్ప ఏ అలజడీ లేదనుకుని కక్ష్య గీయండి

పెరిజీ, అపోజీల సగటు ఎత్తు 591 కిలోమీటర్లు. దానికి భూమధ్యరేఖ దగ్గరి భూమి వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు కలిపితే 6,969. ఇది కక్ష్య సగటు వ్యాసార్థం. దీన్ని ఘనం చేసి, భూమి గురుత్వ స్థిరాంకం 3,98,600.44ను (కి.మీ³/సె²లలో) దానితో భాగించి, వర్గమూలం తీయండి. 0.0010852 వస్తుంది. ఉపగ్రహం సెకనుకు తిరిగే కోణం ఇది, రేడియన్లలో.

6.2832ను ఈ సంఖ్యతో భాగిస్తే 5,790 సెకన్లు, అంటే ఒక చుట్టుకు 96.5 నిమిషాలు. రోజుకు 14.92 చుట్లు, డిగ్రీల్లో చెప్పాలంటే రోజుకు 5,372 డిగ్రీలు. వేగం సెకనుకు 7.56 కిలోమీటర్లు. ఆ ఎత్తులో భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం 8.2 మీ./సె². మిగతా బలాలన్నిటినీ కొలవడానికి మన కొలబద్ద ఇదే కాబట్టి పేజీ పైన పెద్దగా రాసుకోండి.

రెండో మెట్టు: భూమి నడుము ఉబ్బును కలపండి

భూమి పూర్తి గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్థం ధ్రువాల దగ్గరి కంటే 21 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ ఉబ్బు ప్రభావాన్ని చెప్పే సంఖ్యను జె2 అంటారు. విలువ 0.00108263. ఆర్యభట ఎత్తులో దీనివల్ల వచ్చే త్వరణం సుమారు 0.01 మీ./సె². ప్రధాన ఆకర్షణలో ఇది వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. కింది కక్ష్యల్లో భూమి ప్రధాన ఆకర్షణ తర్వాత అతి పెద్ద బలం ఇదే.

ఇది ఏం చేస్తుందో అర్థం కావాలంటే బొంగరాన్ని గుర్తు చేసుకోండి. ఒరిగి తిరుగుతున్న బొంగరాన్ని భూమి కింద పడేయాలని లాగుతుంది. బొంగరం పడదు, దాని ములుకు చుట్టూ ఒరిగిన తల గుండ్రంగా తిరుగుతుంది. కక్ష్యా తలానిదీ అదే కథ. భూమి ఉబ్బు ఆ తలాన్ని భూమధ్యరేఖ మీదికి పడుకోబెట్టాలని చూస్తుంది. తలం పడుకోదు, వాలు అలాగే ఉంచుకుని పడమటికి జరుగుతుంది. ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి భూమధ్యరేఖను దాటే చోటును నోడ్ అంటారు. ఆ నోడ్ జరగడాన్నే మనం కొలుస్తాం.

లెక్క ఇలా. భూమి వ్యాసార్థాన్ని కక్ష్య వ్యాసార్థంతో భాగించి వర్గం చేయండి, 0.8376. దాన్ని 1.5తో, జె2తో, రోజుకు 5,372 డిగ్రీలతో గుణించండి, 7.31. దీన్ని వాలు కొసైన్ విలువ 0.633తో గుణిస్తే 4.63. అంటే ఆర్యభట కక్ష్యా తలం రోజుకు 4.63 డిగ్రీలు పడమటికి జరిగేది, 78 రోజులకు ఒకసారి పూర్తిగా చుట్టి వచ్చేది.

పెరిజీ కూడా కక్ష్యలోనే తిరుగుతుంది. 7.31లో సగం తీసుకుని, కొసైన్ వర్గానికి 5 రెట్లలోంచి 1 తీసేసిన సంఖ్యతో గుణించండి. ఆర్యభటకు రోజుకు సుమారు 3.7 డిగ్రీలు ముందుకు వస్తుంది. గుణించే ఆ సంఖ్య సున్నా అయ్యే వాలు 63.4 డిగ్రీలు. అక్కడ పెరిజీ కదలదు.

ఈ ఉబ్బు వల్ల ఎత్తు మాత్రం తగ్గదు. చుట్టులో ఒక చోట కాస్త లాగినా మరో చోట తిరిగి ఇచ్చేస్తుంది, శక్తి ఖర్చు కాదు. తలాన్ని తిప్పే పని మాత్రం ప్రతి చుట్టులోనూ ఒకే దిక్కుకు జరుగుతుంది, అందుకే కూడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇంజినీర్లు ఈ అలజడినే పనివాడిగా పెట్టుకున్నారు. వాలు 90 డిగ్రీలు దాటితే కొసైన్ రుణ సంఖ్య అవుతుంది, తలం తూర్పుకు జరుగుతుంది. అది రోజుకు 0.9856 డిగ్రీలు జరిగేలా వాలు ఎంచుకుంటే, సూర్యుడి చుట్టూ భూమి తిరిగే వేగంతో సరిపోతుంది. అప్పుడు ఉపగ్రహం ఏ ఊరి మీదికైనా రోజూ దాదాపు ఒకే స్థానిక సమయానికి వస్తుంది, నీడలు ఒకేలా పడతాయి. ఇదే సూర్యానువర్తన కక్ష్య. 635 కిలోమీటర్ల ఎత్తుకు ఇదే లెక్క మీరే వేసి చూడండి, వాలు 97.9 డిగ్రీలు వస్తుంది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-2 అనే ఫోటోల ఉపగ్రహం తిరిగిన కక్ష్య అదే. ఇంధనం చుక్క ఖర్చు లేకుండా కక్ష్యా తలాన్ని ఏడాది పొడవునా తిప్పేది భూమి నడుమే. నాకు ఈ విషయం ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

భూమి ఆకారంలోని ఇంకా సన్నటి తేడాలను చెప్పే జె3, జె4 లాంటి సంఖ్యలు జె2 కంటే కొన్ని వందల రెట్లు చిన్నవి. 1958లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం వాన్‌గార్డ్-1 కక్ష్యను గమనించే, భూమి ఆకారం కొద్దిగా బేరికాయలా ఉందని తేల్చారు. చేతి లెక్కలో వీటిని వదిలేయవచ్చు.

మూడో మెట్టు: గాలిని కలపండి

అంత ఎత్తులో గాలేమిటి అనిపిస్తుంది. చాలా పలచగానే అయినా ఉంది. సగటు పరిస్థితుల్లో 590 కిలోమీటర్ల దగ్గర సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.7 × 10⁻¹³ కిలోలు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే వస్తువుకు ఆ పలచన గాలి కూడా అడ్డమే.

ముందు ఉపగ్రహానికి ఒక సంఖ్య కట్టాలి. ఆర్యభట 26 ముఖాల బంతి లాంటిది, వ్యాసం సుమారు 1.4 మీటర్లు. గాలికి ఎదురు నిలిచే వైశాల్యం 1.54 చదరపు మీటర్లు. రాపిడి గుణకం 2.2 అనుకుందాం, ఈ ఎత్తుల్లో మామూలుగా వాడేది అదే. 2.2ను 1.54తో గుణించి 360తో భాగిస్తే 0.0094. ఈ సంఖ్య పెద్దదైతే ఉపగ్రహం దూది పింజలాంటిది, చిన్నదైతే ఇనప గుండులాంటిది.

సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో, ఈ సంఖ్యతో గుణిస్తే త్వరణం 4.6 × 10⁻⁸ మీ./సె². జె2 త్వరణంతో పోలిస్తే రెండు లక్షల రెట్లకు పైగా చిన్నది. కానీ ఇది ఎప్పుడూ ప్రయాణానికి ఎదురుగానే ఉంటుంది, తీసుకున్నది తిరిగి ఇవ్వదు.

ఒక చుట్టులో తగ్గే ఎత్తు కావాలంటే 6.2832, 0.0094, సాంద్రత, మీటర్లలో కక్ష్య వ్యాసార్థం వర్గం, ఈ నాలుగింటినీ గుణించండి. 0.49 మీటర్లు వస్తుంది, రెండు జానలకు కాస్త ఎక్కువనుకోండి. రోజుకు 7.3 మీటర్లు, ఏడాదికి 2.7 కిలోమీటర్ల లోపు.

ఇదే ఉపగ్రహాన్ని ఇంకా కింద పెట్టి చూడండి. 400 కిలోమీటర్ల దగ్గర రోజుకు 157 మీటర్లు దిగుతుంది. 300 దగ్గర రోజుకు కిలోమీటరు. 200 దగ్గర రోజుకు 11 కిలోమీటర్లకు పైనే. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు 356 × 76 కిలోమీటర్ల కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర ఏ ఉపగ్రహమూ నిలవలేదని ఇప్పుడు మీ లెక్కే చెబుతుంది.

కోడిగుడ్డులా సాగిన కక్ష్యల్లో ఒక తేడా ఉంది. రాపిడి దాదాపు అంతా పెరిజీ దగ్గరే తగులుతుంది, దిగేది మాత్రం ఎదుటి కొసన ఉన్న అపోజీ. కక్ష్య ముందు గుండ్రబడి, ఆ తర్వాత మొత్తంగా కుంగుతుంది.

ఇంకో విచిత్రం, దీని దగ్గర విద్యార్థులు తప్పకుండా తడబడతారు. గాలి అడ్డుకుంటే ఉపగ్రహం వేగం పెరుగుతుంది! 591 కిలోమీటర్ల దగ్గర వేగం 7.56, 400 దగ్గర 7.67 కిలోమీటర్లు. కిందికి దిగినప్పుడు విడుదలయ్యే శక్తిలో సగం గాలికి వేడిగా పోతుంది, మిగతా సగం వేగంగా మారుతుంది. అందుకే దిగుతున్న ఉపగ్రహం వెనకబడదు, అనుకున్న సమయం కంటే ముందే వస్తుంది. రోజుకు 7.3 మీటర్లు దిగే ఆర్యభట 30 రోజుల్లో 220 మీటర్లే దిగుతుంది. కానీ దారి పొడవునా చూస్తే 460 కిలోమీటర్లు ముందుంటుంది, కాలంలో నిమిషం తేడా. ఈ తేడా రోజుల వర్గంతో పెరుగుతుంది. రోజులు రెట్టింపయితే తేడా నాలుగింతలు.

ఇక ఆయుష్షు. ఈ ఎత్తుల్లో దాదాపు ప్రతి 64 కిలోమీటర్లకూ సాంద్రత 2.7 రెట్లు మారుతుంది. ఆ 64 కిలోమీటర్లను రోజుకు దిగే 7.3 మీటర్లతో భాగిస్తే వచ్చే రోజులే సుమారు ఆయుష్షు. మనకు 24 ఏళ్లు వచ్చింది. అసలు ఆర్యభట ఉన్నది 17 ఏళ్లు.

ఆ ఏడేళ్లు ఎక్కడికి పోయాయి?

నాలుగో మెట్టు: సూర్యుడి మూడ్ తెలుసుకోండి

సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు వచ్చే అతినీలలోహిత కిరణాలు పై వాతావరణాన్ని వేడెక్కిస్తాయి. అది పాలపొంగులా పైకి ఉబ్బుతుంది. కింద ఉండాల్సిన చిక్కటి గాలి ఉపగ్రహం ఎత్తుకు చేరుతుంది. సూర్యుడి చురుకు పెరిగి తగ్గే సౌర చక్రం సుమారు 11 ఏళ్లది. 400 కిలోమీటర్ల దగ్గర కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య సాంద్రత పది రెట్ల వరకు మారుతుంది, 600 దగ్గర ఇంకా ఎక్కువ.

ఆర్యభట ప్రయాణంలో రెండు గరిష్ఠాలు వచ్చాయి, 1979-80లో ఒకటి, 1989-90 ప్రాంతంలో ఇంకొకటి. 17 ఏళ్లు రావాలంటే సగటు సాంద్రత మనం అనుకున్నదానికి 1.4 రెట్లుంటే చాలు. తేడా అంతా సూర్యుడి మీదే వేయడం న్యాయం కాదు. రాపిడి గుణకం మన ఊహ, కిందికొచ్చేకొద్దీ ఆ 64 కిలోమీటర్లూ తగ్గుతాయి. అయినా చేతి లెక్కకు ఇంత దగ్గర రావడం గొప్పే.

మొదటి గరిష్ఠమే అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌నూ పడగొట్టింది. సూర్యుడు అంచనాల కంటే చురుగ్గా ఉండటంతో దాన్ని పైకి నెట్టే ఏర్పాటు జరిగేలోపే 1979 జూలై 11న అది కూలింది. కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఆకాశం నెత్తిన పడుతుందన్న భయం ఎలా ఉండేదో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆ భయం వెనక ఉన్నది ఈ మెట్టులోని లెక్కే.

ఆచరణలో రెండు సంఖ్యలు చూడాలి. ఒకటి ఎఫ్10.7. సూర్యుడి నుంచి 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వచ్చే రేడియో శక్తి ఇది, కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలుస్తారు. 70 దగ్గరుంటే ప్రశాంతం, 200 దాటితే బాగా చురుకు. రెండోది ఏపీ సూచిక, భూ అయస్కాంత క్షేత్రంలో కల్లోలాన్ని చెబుతుంది. ఈ రెండింటినీ ఎన్ఆర్ఎల్ఎంసిస్ లాంటి వాతావరణ నమూనాకు ఇస్తే సాంద్రత వస్తుంది.

ఏపీని తేలిగ్గా తీసుకోవద్దు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను సుమారు 210 కిలోమీటర్ల పెరిజీలో వదిలింది. మరుసటి రోజు అయస్కాంత తుఫాను వచ్చింది. అంత తీవ్రమైనదేమీ కాదు. అయినా రాపిడి అంతకు ముందు ప్రయోగాల కంటే 50 శాతం దాకా పెరిగి, 38 ఉపగ్రహాలు పైకి ఎక్కలేక కాలిపోయాయి.

ఐదో మెట్టు: చంద్రుడు, సూర్యుడు, వెలుగు

చంద్రుడి ప్రభావానికి, చంద్రుడి గురుత్వ స్థిరాంకం 4,903ను కక్ష్య వ్యాసార్థంతోనూ 2తోనూ గుణించి, 3,84,400 ఘనంతో భాగించండి. మీటర్లలోకి మారిస్తే 1.2 × 10⁻⁶ మీ./సె². సూర్యుడి గురుత్వానిది అందులో సగానికి తక్కువే. చుట్టులో ఒక పావు ముందుకు లాగితే ఇంకో పావు వెనక్కి లాగుతాయి. ఎత్తు లెక్కలో చెల్లుకు చెల్లు.

వాలు విషయంలో మాత్రం జాగ్రత్త. సూర్యానువర్తన కక్ష్య సూర్యుడికి ఎప్పుడూ ఒకే కోణంలో ఉంటుంది కదా, అక్కడ సూర్యుడి లాగుడు చెల్లిపోదు. వాలు ఏడాదికి డిగ్రీలో కొన్ని వందో వంతులు మారుతూ పోతుంది. దాంతో తలం తిరిగే వేగం మారి, ఉపగ్రహం వచ్చే స్థానిక సమయం కొన్నేళ్లకు పక్కకు జరుగుతుంది. మామూలుగా చెల్లిపోయే బలం కూడా ఇలాంటి చోట కూడుతుంది.

సూర్యకాంతి కూడా నెడుతుంది, చదరపు మీటరుకు 4.56 × 10⁻⁶ న్యూటన్లు. కొంత వెలుగు తిరిగి వెనక్కి కొడుతుంది కాబట్టి 1.3తో గుణిస్తే, ఆర్యభటకు 2.5 × 10⁻⁸ మీ./సె². గాలి రాపిడిలో సగానికి పైనే! అయినా చాలావరకు చుట్టులోనే చెల్లిపోతుంది. బరువు తక్కువ, వైశాల్యం ఎక్కువ ఉంటే కథ మారుతుంది. 1960లో వెళ్లిన ఎకో-1 సుమారు 30 మీటర్ల వ్యాసం గల బెలూన్. దాని కక్ష్య ఆకారాన్ని వెలుగు స్పష్టంగా మార్చేసింది.

ఆరో మెట్టు: మీ పనికి ఎన్ని బలాలు కావాలో తేల్చండి

రేపు రాత్రి అంతరిక్ష కేంద్రం మీ డాబా మీదుగా ఎప్పుడు వెళ్తుందో తెలియాలంటే జె2, రాపిడి చాలు. ఆయుష్షు కావాలంటే రాపిడిని వదలకుండా సౌర చక్రంతో కలిపి చూడాలి, చంద్రుణ్ని వదిలేయవచ్చు. ఫోటోలు తీసే ఉపగ్రహాన్ని ఏళ్ల తరబడి ఒకే సమయానికి తేవాలంటే సూర్యుడి గురుత్వం కూడా కావాలి. సెంటీమీటర్ల ఖచ్చితత్వానికి అన్నీ కావాలి, భూమి నుంచి తిరిగొచ్చే వెలుగుతో సహా.

ఏడో మెట్టు: ప్రోగ్రాం రాస్తే ఇలా పరీక్షించండి

బలాలను ఒకేసారి కలపొద్దు, ఒక్కొక్కటిగా కలపండి. మొదట గోళాకార భూమి ఒక్కటే పెట్టండి. వంద చుట్ల తర్వాత కూడా ఎత్తు, శక్తి మారకూడదు. తర్వాత జె2 కలిపితే శక్తి అప్పటికీ మారకూడదు, నోడ్ మాత్రం రోజుకు 4.63 డిగ్రీలకు చాలా దగ్గరగా జరగాలి. అది వచ్చేదాకా రాపిడి జోలికి వెళ్లొద్దు.

నేను మొదట రాసిన ప్రోగ్రాంలో ఉపగ్రహం అసలు దిగలేదు. వారం రోజులు టెన్షన్ పడ్డాక తెలిసింది, దూరాలు కిలోమీటర్లలో, సాంద్రత మీటర్లలో పెట్టాను. రాపిడి వెయ్యి రెట్లు తగ్గిపోయింది. మూడో మెట్టులోని రోజుకు 7.3 మీటర్లను పక్కన పెట్టుకుని ఉంటే మొదటి రోజే పట్టుకునేవాణ్ని. వేగం కూడా గాలితో పోల్చి తీసుకోవాలి. గాలి భూమితో పాటే తూర్పుకు తిరుగుతుంది, ఆర్యభట లాంటి కక్ష్యలో రాపిడి దానివల్ల సుమారు 8 శాతం తగ్గుతుంది.

ఎనిమిదో మెట్టు: ఆకాశంతో సరిచూడండి

ఇప్పుడు తిరుగుతున్న, ఇంజన్ వాడని ఒక పాత ఉపగ్రహాన్ని ఎంచుకోండి. సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్‌లో దాని రెండు వరుసల కక్ష్యా సమాచారం, టీఎల్ఈ, దొరుకుతుంది. రెండో వరుస చివర్లో రోజుకు ఎన్ని చుట్లో ఉంటుంది. మొదటి వరుసలో బీస్టార్ అనే సంఖ్య ఉంటుంది, దాన్ని 12.74తో గుణిస్తే మనం ఆర్యభటకు కట్టిన 0.0094 లాంటి సంఖ్య వస్తుంది. అది సరిపోల్చుకోవడానికే, అందులో నమూనా లోపాలు కూడా కలిసి ఉంటాయి. టీఎల్ఈలోని విలువలు ఎస్‌జీపీ4 అనే పద్ధతి కోసం సగటు చేసినవి. వాటిని నేరుగా మీ ప్రోగ్రాంలో వేస్తే కిలోమీటర్ల తేడా వస్తుంది.

30 రోజుల టీఎల్ఈలు వరుసగా తీసుకుని రోజుకు చుట్ల సంఖ్యను గ్రాఫ్ గీయండి. గీత నెమ్మదిగా పైకి వెళ్తుంటే అది మామూలు రాపిడి. ఉన్నట్టుండి ఏటవాలు పెరిగితే ఆ తేదీల ఏపీ విలువలు చూడండి, చాలాసార్లు అక్కడ తుఫాను కనిపిస్తుంది. మెట్టులా ఒక్కసారిగా దూకితే ఎవరో ఇంజన్ వెలిగించారు, మీరు ఎంచుకున్నది చనిపోయిన ఉపగ్రహం కాదు, ఇంకొకటి చూసుకోండి.

మొదటి 15 రోజులతో రాపిడిని కట్టి, 30వ రోజున ఉపగ్రహం ఎక్కడుండాలో రాయండి. ఆ రోజు టీఎల్ఈతో పోల్చండి. తేడా ముందుకు ఉంటే గాలి మీరనుకున్నదాని కంటే చిక్కగా ఉంది, వెనక్కి ఉంటే పలచగా ఉంది. తేడా దారి పొడవునా కాకుండా పక్కకు ఉంటే గాలిని అనుమానించొద్దు, రెండో మెట్టుకు వెళ్లి కొసైన్ మళ్లీ చూసుకోండి.